బ్యాకప్ సాఫ్ట్‌వేర్ గారికి ఒక నెల్లూరు తీరవాసి ఉత్తరం

మహారాజశ్రీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ గారి సముఖానికి,

నెల్లూరు జిల్లా, ఇందుకూరుపేట మండలం, మైపాడు దగ్గర్నుంచి రాస్తున్నాను. మీరు ఉచిత రూపంలోనూ, నెల చందా రూపంలోనూ, ఒక్కసారి కొంటే చాలనే రూపంలోనూ అన్ని చోట్లా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మీలో ఏ ఒక్కరినో వేలెత్తి చూపడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మీ వంశం మొత్తానికి ఒక అలవాటుంది. వెల చెప్పేటప్పుడు మీరు రూపాయలే చెబుతారు, గంటలు చెప్పరు. ఆ గంటలు మావి. వాటి లెక్క మీకు చెప్పాలని చాన్నాళ్లుగా అనుకుంటున్నాను.

నేనెవరో మీకు తెలియాలి. ఇంటి ముందుగదిలో డీటీపీ పని చేస్తాను. పెళ్లి పత్రికలు, బడి ప్రశ్నపత్రాలు, తిరునాళ్ల కరపత్రాలు, రిటైరైన పంతుళ్లు సొంత ఖర్చుతో అచ్చు వేయించుకునే శతకాలు నా చేతి మీదుగా వెళతాయి. అదే కంప్యూటర్లో మా రొయ్యల గుంటల లెక్కలుంటాయి. ఏ గుంటలో ఎప్పుడు సీడ్ వదిలాం, ఎంత మేత పడింది, పట్టుబడి నాటికి కౌంట్ ఎంత వచ్చింది, కొన్నవాళ్లు ఎంత ఇచ్చారు, ఎంత బాకీ పెట్టారు, అన్నీ అందులోనే. పట్టాదారు పాసుపుస్తకాల స్కాన్లు, లింకు డాక్యుమెంట్లు, పిల్లల సర్టిఫికెట్లు, పెళ్లిళ్ల ఫొటోలు కూడా అందులోనే. ఇంకొక ఫోల్డర్‌లో మా అమ్మ చెప్పిన కథలున్నాయి, ఆమె గొంతుతోనే. అమ్మ ఇప్పుడు లేదు. ఆ గొంతు మీ పూచీలో ఉంది గనుక ఇంత మర్యాదగా రాస్తున్నాను. ఇంత కోపం రావడానికీ కారణం అదే.

మా తీరం సంగతి మీకు తెలియకపోవచ్చు. 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తుపాను తీరం దాటింది. 1989 నవంబరులో కావలి దగ్గర దాటింది. 2015 నవంబరులో వానలు, వరదలు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు జాతీయ రహదారి తెగి లారీలు బారులు తీరాయి. నవంబరు అంటే మా ఇళ్లలో సామాన్లు పైకి ఎక్కించే నెల. ముందు బియ్యం, తర్వాత కాయితాలు, ఆ తర్వాత కంప్యూటర్. తుపాను లేని రోజుల్లోనూ ఉప్పుగాలి ఊరుకోదు. మదర్‌బోర్డు మీద, యూఎస్‌బీ పోర్టుల్లో తుప్పు పట్టిస్తుంది. కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. ఇలాంటి చోట నకలు దాచుకోని ఇల్లు ఇల్లు కాదు. కాబట్టి మీ అవసరం లేదని నేనెప్పుడూ అనలేదు. మీ అవసరం నాకెంతో ఉందన్న ధీమాతోనే మీరు నన్ను ఇన్నాళ్లు ఆడించారు.

మీకు నేనేం తక్కువ చేశాను? మీ కోసం విడిగా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొన్నాను. రాత్రి ఏరియేటర్ల కోసం జనరేటర్ వేసినప్పుడు, డీజిల్ ఎంత కాలుతుందో తెలిసి కూడా, మీ పని మధ్యలో ఆగకూడదని ఇంటికి ఒక లైను లాగించాను. పని చేసుకోవాల్సిన సిస్టమ్‌ను మీ కోసం వదిలేసి కూర్చున్నాను. చుట్టాలకు, నాలాగా డీటీపీ చేసుకునే స్నేహితులకు మీ పేరు చెప్పి పెట్టించాను. ఈ చుట్టుపక్కల మీకు ఇంత ప్రచారం చేసినవాళ్లు ఇంకొకరు ఉండరు.

ఇక నా ఫిర్యాదులు.

మొదట మీ ఉచిత రూపం గురించి. ఉచితం అంటే డబ్బు అడగరని అర్థం, అంతవరకు నిజమే. దానికి ముందుగా చేతులెత్తి దండం కూడా పెట్టాలి. ఆండ్రూ ట్రిజెల్, పాల్ మెకరస్ 1996లో ఆర్‌సింక్ అనే ప్రోగ్రామ్ రాసి లోకానికి ఊరికే ఇచ్చారు. పెద్ద ఫైలు మొత్తాన్ని మళ్లీ పంపకుండా మారిన ముక్కల్నే పంపే ఉపాయం అందులో ఉంది. ఈనాటికీ ప్రపంచంలో ఎన్నో సర్వర్లలో దాన్ని వాడుతున్నారు. అలాంటి దాతల మీద నాకు కోపం లేదు. కానీ ఆర్‌సింక్‌ను నల్లటి తెర మీద కమాండ్లు కొట్టి నడపాలి. దాన్ని వాడుకోవడం నేర్చుకునే గంటల్ని ఎవరూ ఊరికే ఇవ్వరు. ఏ ఫోల్డర్ తీసుకోవాలి, ఏది వదలాలి, రోజూ ఎన్నింటికి నడవాలి, పాత నకళ్లు ఎన్నాళ్లు ఉంచాలి, పాస్‌వర్డ్ ఎక్కడ రాసుకోవాలి, ఇవన్నీ నేనే తేల్చుకోవాలి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో రాత్రి పోతుంది. పట్టుబడి రోజుల్లో మాకు రాత్రికి రెండు గంటల నిద్ర దొరికితే గొప్ప. ఆ నిద్రలోంచి కోసి మీకు ఇవ్వాల్సి వస్తుంది. ఉద్యోగం చేసి సాయంత్రం ఇంటికొచ్చే పట్నవాసికి ఒక గంట ఖరీదు ఒకటి, గుంట గట్టు మీద నిలబడినవాళ్లకు అదే గంట ఖరీదు ఇంకొకటి. ఆ తేడా మీరు ఎన్నడూ లెక్కలోకి తీసుకోలేదు.

సరే, డబ్బు పెట్టి గంటలు మిగుల్చుకుందామని చందా రూపం వైపు వచ్చాను. అక్కడ మీరు పెద్ద అక్షరాల్లో చెప్పే మాట ఒకటుంది: పెట్టండి, మరిచిపోండి. ఈ ఉత్తరంలో నేను అన్నిటికన్నా గట్టిగా నిలదీసేది ఆ మాటనే. దాని సంగతి కాసేపాగి చెబుతాను, ముందు అంకెలు చూద్దాం.

నా దగ్గరున్నదంతా కలిపి ఐదువందల జీబీ అనుకోండి. మా ఇంటి నెట్ సెకనుకు 10 మెగాబిట్ల వేగంతో పైకి పంపుతుందనుకోండి. ఎక్కడా ఆగకుండా పంపితే మొత్తం పైకి చేరడానికి 111 గంటలు పడుతుంది. అంటే నాలుగున్నర రోజులకు పైమాటే. ఫైబర్ కనెక్షన్ మంచిదై సెకనుకు 40 మెగాబిట్లు ఇస్తే 28 గంటలు. మొదటిసారి ఒక్కటే ఇంత, తర్వాత రోజూ మారినవే వెళ్తాయి గనుక నిమిషాల్లో అయిపోతుందని మీరంటారు. ఒప్పుకుంటాను. కానీ ఇల్లు మునిగి కొత్త కంప్యూటర్ కొన్న రోజున అవన్నీ మళ్లీ కిందికి రావాలి కదా. అప్పుడు ఆ 28 గంటలు ఎక్కడి నుంచి తేవాలి? తుపాను తర్వాత స్తంభాలు పడిపోయి రోజుల తరబడి కరెంటు ఉండదు. సెల్ టవర్లు మూగబోతాయి. కేబుల్ వైరు ఎక్కడ తెగిందో వెతుక్కుంటూ ఆ కుర్రాళ్లు మోటర్‌సైకిల్ మీద తిరుగుతుంటారు. కొన్ని క్లౌడ్ కంపెనీలు మన ఫైళ్లన్నీ ఒక డిస్కులో పెట్టి కొరియర్లో పంపే ఏర్పాటు కూడా పెట్టుకున్నాయి. 2021 నవంబరులో మా రోడ్డే తెగిపోయింది. ఆ డిస్కు ఏ దారిన వస్తుంది?

అదే ఐదువందల జీబీ ఇంట్లో ఉన్న మామూలు హార్డ్ డిస్క్ మీద ఉంటే, యూఎస్‌బీ 3 పోర్టు ద్వారా గంటన్నరలో తిరిగొస్తుంది. పాత యూఎస్‌బీ 2 పోర్టు అయినా నాలుగైదు గంటలు చాలు. కానీ ఇల్లు మునిగితే ఆ డిస్కూ మునుగుతుంది. అందుకే అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 లెక్క నాకు నచ్చుతుంది. మొత్తం మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి ఇంటికి దూరంగా. ఆ దూరపు ప్రతి మైపాడులో పక్కింట్లో ఉంటే లాభం లేదు. ఉదయగిరి వైపో, హైదరాబాదులోనో ఉండాలి. ఇల్లు మునిగిన రోజు ఏ ప్రతి ఎన్ని గంటల్లో తిరిగొస్తుందన్నది మీరు ముందే చెప్పాల్సిన విషయం. మీ ధరల పట్టికలో రూపాయల వరస ఉంది, జీబీల వరస ఉంది, ఈ వరస మాత్రం ఎక్కడా లేదు.

ఇంకొక తేడా కూడా మీరు దాస్తారు. తుపానుకు ముందు గంట, తుపాను తర్వాత గంట ఒకటి కావు. ముందు గంట చవక. ఎండాకాలం మధ్యాహ్నం రెండు గుంటలకు మేత వేసి వచ్చి తీరిగ్గా కూర్చుని ఖర్చు పెట్టగలను. తర్వాత గంటలో ఇన్సూరెన్స్ సర్వేయర్‌కు కాయితాలు చూపాలి, బ్యాంకుకు వెళ్లాలి, నష్టపరిహారం జాబితాలో పేరు రాయించాలి, పాసుపుస్తకం నకలు అడిగిన చోటల్లా ఇవ్వాలి. అప్పుడు నా దగ్గర డబ్బూ ఉండదు, సమయమూ ఉండదు. ఈ తేడా చెప్పకుండా సమయం కావాలా డబ్బు కావాలా అని అడగడం సగం ప్రశ్న. చవక గంటలు అడగండి, ఇస్తాను. తుపాను తర్వాతి గంటల్ని నాకు మిగల్చండి, దానికి డబ్బు కూడా ఇస్తాను.

ఇప్పుడు ఆ మాట దగ్గరికి వస్తాను: పెట్టండి, మరిచిపోండి.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజనీరు, అలసిపోయిన రాత్రివేళ, చెరపాల్సిన సర్వర్ బదులు అసలు సర్వర్లో డేటాబేస్‌ను చెరిపేశాడు. కంపెనీకి ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లుండేవి. ఒక్కటీ సరిగ్గా పనికి రాలేదు. రోజూ నడవాల్సిన ఒక బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఎన్నాళ్లుగానో ఖాళీగా నడుస్తోంది. అది విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు కూడా మెయిల్ వ్యవస్థలోనే తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. చివరికి వాళ్లను కాపాడింది దానికి ఆరు గంటల ముందు ఒక ఉద్యోగి వేరే పని కోసం చేత్తో తీసిన నకలు. ఈ సంగతులన్నీ దాచకుండా లోకానికి చెప్పినందుకు ఆ కంపెనీని గౌరవిస్తాను. జీతాలిచ్చి ఇంజనీర్లను పెట్టుకున్న చోటే మీరు ఇలా మౌనంగా ఊరుకుంటే, మా ముందుగదిలో ఏం చేస్తారు? ఆకుపచ్చ టిక్కు చూపించి ఊరుకుంటారు. డిస్క్ నిండిపోయిందన్న సంగతి మూలన ఒక చిన్న గుర్తుగా వేస్తారు. పాస్‌వర్డ్ మారడం వల్ల లాగిన్ ఆగిపోయిందని, మూడు వారాలుగా ఒక్క ఫైలూ వెళ్లలేదని నోరు తెరిచి చెప్పరు. మా ఇళ్లలో ఏదైనా తప్పు జరిగితే పెద్దవాళ్లు గడప దాటకముందే పిలిచి చెబుతారు. మీరు గడప దాటి, ఊరు దాటి, వరద దాటాక చెబుతారు.

డబ్బు ఇచ్చినవాళ్లనైనా చూసుకున్నారా అంటే అదీ పూర్తిగా లేదు. ఇళ్లలో వాడుకునే వాళ్ల కోసం నడిచిన క్రాష్‌ప్లాన్ అనే బ్యాకప్ సేవను 2017 ఆగస్టులో ముగిస్తున్నట్టు ప్రకటించి, 2018 అక్టోబరుకల్లా ఆపేశారు. కంపెనీలకు అమ్ముకోవడం లాభమనుకున్నారు. ఉచితం వైపు కూడా అంతే: డిస్క్ మొత్తానికి నకలు తీసే మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షన్‌ను ఎంతోమంది నమ్ముకున్నారు, దానికీ 2024 జనవరితో కాలం చెల్లింది. బ్యాక్‌బ్లేజ్ ఇంటి బ్యాకప్ 2008లో నెలకు 5 డాలర్లతో మొదలై 2023 నాటికి 9 డాలర్లకు చేరింది. ధర పెరగడం తప్పు కాదు, డీజిల్ ధరా పెరిగింది, మేత ధరా పెరిగింది. కానీ 9 డాలర్లంటే అప్పటికి మా డబ్బులో ఏడువందల యాభై దాకా. ప్రతి నెలా. అదీ ఎన్నేళ్లు? నేను బతికున్నంత కాలం, ఆ తర్వాత పిల్లలు. ఏదో ఒక నెల, తెల్లమచ్చ రోగం వచ్చి పట్టుబడి దెబ్బతిన్న నెల, ఆ చందా కట్టలేకపోతే? కొన్ని రోజులు ఆగి నా నకళ్లన్నీ చెరిపేసే హక్కు ఒప్పందంలో మీరు ముందే రాసుకున్నారు. అన్నిటికన్నా ఎక్కువ అవసరం పడే నెలలోనే నా చేతిలో డబ్బు ఉండదన్న సంగతి మీ లెక్కకు అందలేదు. ధర నిర్ణయించినవాళ్లు సముద్రం పక్కన ఉన్నవాళ్లు కాదు.

మీ బంధువుల్లో ఒకరి గురించి కూడా చెప్పాలి. వాళ్ల పేరు సింక్. మీ బట్టలే కట్టుకొని మీ వేషంలోనే తిరుగుతారు. ఫోన్లో ఫొటో చెరిపితే కంప్యూటర్లోనూ పోతుంది, క్లౌడ్‌లోనూ పోతుంది. మనవడు ఆడుకుంటూ ఒక ఫోల్డర్ తీసేస్తే అన్ని చోట్లా మాయమవుతుంది. కొన్నాళ్లు చెత్తబుట్టలో ఉంటుంది, ఆ తర్వాత అదీ ఉండదు. అద్దం ప్రతిబింబాన్ని నకలు అనరు. గూగుల్ ఫొటోల్లో 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కించే ఫొటోలు దాదాపు అన్నీ ఉచితంగా ఇచ్చే 15 జీబీ లెక్కలోకి వస్తున్నాయి. అప్పటిదాకా అదే బ్యాకప్ అనుకున్న ఇళ్లెన్నో. వాళ్లను ఆ భ్రమలో ఉంచుతుంటే మీరు ఒక్కసారైనా అడ్డం వచ్చారా? లేదు. మీకూ అదే పేరు ఉపయోగపడింది.

ఇంట్లో డిస్క్ ఎప్పుడూ తగిలించే ఉంచమని చెప్పేది కూడా మీరే. అలా ఉంటే పని తనంతట తనే జరిగిపోతుంది, మాకు గంటలు మిగులుతాయి, నిజమే. కానీ 2017 మేలో వానక్రై అనే వైరస్ వచ్చినప్పుడు ఏమైందో ప్రపంచమంతా చూసింది, మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అలాంటి వైరస్ కంప్యూటర్లో ఫైళ్లకు తాళం వేసేటప్పుడు తగిలించి ఉన్న డిస్కును వదలదు. నకళ్లకూ తాళం పడుతుంది. అందుకని డిస్క్ తీసి బీరువాలో పెట్టాలి. తీసి పెట్టడం, మళ్లీ తగిలించడం మనిషి చేయాల్సిన పని, అది గంటల ఖాతాలో పడుతుంది. తనంతట తనే జరిగిపోయే సుఖం ఒక వైపు, బీరువా భద్రత ఒక వైపు. రెండూ ఉన్నాయని మీరు చెప్పి ఉంటే, నేనే ఎంచుకునేవాణ్ని.

తెలుగువాళ్లకు మీరు చేసే ప్రత్యేకమైన అన్యాయం ఒకటుంది, దాని మీద కొంచెం నిదానంగా రాస్తాను. మా డీటీపీ లోకంలో ఏళ్ల తరబడి పని జరిగింది అను ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో. అవి యూనికోడ్ కావు. ఫైల్లో ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల గజిబిజి. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే అది తెలుగుగా కనిపిస్తుంది. పేజ్‌మేకర్‌కు 7.0 ఆఖరి పెద్ద వెర్షన్, 2001లో వచ్చింది. ఆ తర్వాత అడోబీ ఇన్‌డిజైన్ వైపు వెళ్లిపోయింది. ఇప్పుడు మీరు బ్యాకప్ తీసేటప్పుడు ఏం చేస్తారు? డాక్యుమెంట్లు, ఫొటోలు, డెస్క్‌టాప్ తీసుకుంటారు. విండోస్ ఫోల్డర్‌ను, ప్రోగ్రామ్ ఫైల్స్‌ను చాలాసార్లు మీ అంతట మీరే వదిలేస్తారు, కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు కదా అని. మా ఫాంట్లుండేది అక్కడే. రేపు కొత్త కంప్యూటర్లో అన్ని ఫైళ్లూ తిరిగొస్తాయి. పేర్లు సరిగ్గా, సైజులు సరిగ్గా. తెరిస్తే ఒక్క అక్షరం చదవలేం. పంతులుగారి శతకం పోయినట్టే, కానీ మీ రికార్డులో విజయవంతంగా రీస్టోర్ అయినట్టే. ఆ పంతులుగారు కూడా లేరు ఇప్పుడు. ఆయన చేతి రాతప్రతి చెదలు తినేసిందని వాళ్లబ్బాయి చెప్పాడు. శతకానికి మిగిలింది నా కంప్యూటర్లో ఉన్న ఆ ఒక్క ఫైలు.

దీనికి మందు డిస్క్ మొత్తానికి ఇమేజ్ తీయడం. విండోస్, ఫాంట్లు, పేజ్‌మేకర్, అన్నీ ఉన్నవి ఉన్నట్టు ఒకే ముద్దగా వస్తాయి. దాంతోపాటు ప్రతి పుస్తకాన్నీ ఫాంట్లు ఇమిడ్చిన పీడీఎఫ్‌గా కూడా తీసి పెట్టుకోవాలి. వీలైన వాటిని యూనికోడ్‌లోకి మార్చి, మార్చినప్పుడు వత్తులు, గుణింతాలు ఎగిరిపోయిన చోట్లన్నీ కూర్చుని దిద్దుకోవాలి. ఇమేజ్ తీయడానికి డబ్బు ఇస్తే మీరు గంటలు ఆదా చేయగలరు. వత్తులు దిద్దడానికి ఎంత డబ్బు ఇచ్చినా మీ వల్ల కాదు.

ఇదే తేడాను వెనకటి పెద్దలు కంప్యూటర్లు లేని కాలంలోనే చూపించారు. సి.పి. బ్రౌన్ కడపలో పండితులను, లేఖకులను జీతాలకు పెట్టుకొని తాళపత్ర గ్రంథాలకు నకళ్లు రాయించాడు. సొంత డబ్బు పోసి, అప్పులు కూడా చేశాడు. రాయించడం వరకు డబ్బుతో అయింది. కానీ అక్కడ ఆగలేదు. ఒకే కావ్యానికి ఎన్నో ప్రతులు దగ్గర పెట్టుకొని, జూలూరి అప్పయ్య వంటి పండితులతో కూర్చుని, ఏ పాఠం సరైనదో తేల్చుకున్నాడు. ఆ గంటలకు బదులు ఏదీ లేదు. మా జిల్లాలోనే అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి కలిసి ఊరూరా రాళ్ల మీద, రాగిరేకుల మీద ఉన్న శాసనాల పాఠాలు సేకరించి 1905లో మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. చెరువు తూముల్లో రాళ్లు కలిసిపోయినా, గుడి మరమ్మతుల్లో సున్నం కింద కప్పబడిపోయినా, ఆ పాఠం పుస్తకంలో ఉంది. వాళ్లు శాసనాన్ని చదివి ఎత్తి రాశారు. చదవని నకలు శాసనానికి నకలు కాదు.

ఇన్నాళ్ల వ్యవహారం తర్వాత నేను ఒక నిర్ణయానికి వచ్చాను, మీకు తెలియజేస్తున్నాను. రోజూ జరగాల్సిన పనికి డబ్బు ఇస్తాను. ఏ ఫైలు మారిందో చూసి, దాన్ని తీసుకెళ్లి, పాత ప్రతిని కొన్నాళ్లు ఉంచి, తప్పు జరిగితే గట్టిగా కేకేసే పని. ఆ పనికి నా రాత్రులు ఇవ్వను, వాటి కన్నా మీ చందాయే చవక. కానీ సరిచూసే పని మీకు అప్పజెప్పను. ఏటా రెండుసార్లు, ఎండాకాలంలో ఒకసారి, వినాయక చవితి దాటాక ఒకసారి, పాత ల్యాప్‌టాప్ ఒకటి పెట్టుకొని అందులోకి రీస్టోర్ చేసి చూస్తాను. ఫైలు తెరుచుకుందా అన్నది మీరు చెప్పగలరు. కథ మధ్యలో అమ్మ ఆగి నీళ్లు తాగిన చప్పుడు ఉందా అన్నది నేనే చెప్పగలను. డబ్బులేని ఇళ్లవాళ్లకు కూడా ఇదే చెబుతాను. విండోస్‌లో 2012 నుంచి ఫైల్ హిస్టరీ ఉంది, మ్యాక్‌లో 2007 నుంచి టైమ్ మెషీన్ ఉంది, రెండూ విడిగా డబ్బు అడగవు. ఒక డిస్క్ కొనండి, రెండోది ఊరవతల చుట్టాలింట్లో పెట్టండి. మిగిలిన డబ్బు దాచుకోండి. సరిచూసే గంటను మాత్రం దాచుకోవద్దు.

మీ నుంచి నేను కోరేవి ఇవి. ధరల పట్టికలో, రూపాయల పక్కన, వంద జీబీ తిరిగి రావడానికి మామూలు నెట్ మీద ఎన్ని గంటలు పడుతుందో రాయండి. బ్యాకప్ ఆగిపోతే తెర మధ్యలో, తెలుగులో, పెద్ద అక్షరాల్లో చెప్పండి, ఫోనుకు కూడా మెసేజ్ పంపండి. ఫాంట్లను వదిలేస్తున్నామన్న సంగతి మొదటి రోజే చెప్పండి. ఉచిత వెర్షన్ ముగించేటప్పుడు, అప్పటిదాకా తీసిన నకళ్లను తెరిచే పనిముట్టు మాత్రం ఎప్పటికీ ఉచితంగా ఉంచండి. మా ఫైళ్ల పెట్టెకు తాళం మీది కావచ్చు, పెట్టె మాది. చందా కట్టలేని నెలల్లో కొత్తవి తీసుకోకండి, అది న్యాయమే. ఉన్నవాటిని కనీసం ఏడాది పాటు చెరపకండి, అడిగితే తిరిగి ఇవ్వండి. తుపాను హెచ్చరిక వచ్చిన జిల్లాల్లో ఉన్నవాళ్లకు ఆ హెచ్చరిక ఉన్నన్నాళ్లూ మారిన ఫైళ్లను అన్నిటికంటే ముందు పంపే ఏర్పాటు చేయండి. వాతావరణ శాఖ హెచ్చరికలు అందరికీ అందుబాటులో ఉన్నాయి, కృష్ణపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేసిన సంగతి మాకు తెలిసినట్టే మీకూ తెలియాలి.

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు మొదలవుతాయి. జవాబు ఆలోపే రాయండి. ఆ తర్వాత రాస్తే, చదివే తీరిక ఇక్కడ ఎవరికీ ఉండదు.

ఇట్లు,
మీకు చందా కడుతున్న,
మైపాడు తీరవాసి